అంగారకుడితో మాట్లాడే ఆటలో ఆలస్యం ఉండాలి

సంపాదకులు గారికి నమస్కారం.

ఆగస్టు 23, జాతీయ అంతరిక్ష దినోత్సవం అనగానే బళ్లలో థర్మాకోల్ రాకెట్లు, వ్యాసరచన పోటీలు. వాటితోపాటు ఒక ఆట కూడా పెట్టమని సైన్సు టీచర్లను కోరుతున్నాం. పిల్లల అంతరిక్ష ఆటలు చాలావాటిలో మీట నొక్కగానే అంగారకుడి మీద రోవర్ కదులుతుంది. నిజానికి రేడియో సంకేతం అక్కడికి చేరాలంటే గ్రహాలు బాగా దగ్గరగా ఉన్నప్పుడు 3 నిమిషాలు, దూరంగా ఉంటే 22 నిమిషాలు పడుతుంది. జవాబు రావడానికి మళ్లీ అంత. ఈ ఆలస్యాన్ని తీసేసిన ఆట రిమోట్ కారుతో ఆడుకోవడమే, అంతకుమించి ఏమీ నేర్పదు.

మైదానం మధ్యలో ఒక బకెట్ బోర్లించండి, అది సూర్యుడు. తాడు పట్టుకుని 2 మీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం, 3 మీటర్లతో ఇంకొకటి ముగ్గుపిండితో గీయండి. లోపలిది భూమి దారి, దానిమీద గడియారంలోలా 12 గుర్తులు. బయటిది అంగారకుడిది, దానికి 24. గుర్తుకో నెల. ఈ లెక్కన రెండూ మళ్లీ దగ్గరపడటానికి 24 నెలలు పడుతుంది. అసలు 26 నెలలు. ఆటకు ఆ తేడా ఫర్వాలేదు గానీ, పిల్లలకు చెప్పి తీరాలి.

సంకేతం కూడా ఒక పిల్లే. ముందు కాలి మడమకు వెనక కాలి వేలు ఆనించి, డప్పు దెబ్బకు ఒక అడుగు చొప్పున, మడిచిన చీటీ పట్టుకుని ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి తిన్నగా నడవాలి. దెబ్బకూ దెబ్బకూ మధ్య 2 సెకన్లు. పిల్లల పాదం 20 సెంటీమీటర్లనుకుంటే ఒక్కో అడుగు అసలు కాంతి ప్రయాణంలో 50 సెకన్లతో సమానం. గ్రహాలు దగ్గరగా ఉంటే 5 అడుగులు, ఎదురెదురు కొసల్లో ఉంటే 25. డప్పు మానేస్తే సంకేతం పరుగెత్తేస్తుంది, మొత్తం పాడయ్యేది అక్కడే. సంకేతాలుగా ఇద్దరు ముగ్గురుంటే మంచిది. మొదటి జవాబు రాకముందే రెండో చీటీ పంపొచ్చని పిల్లలకు తట్టాలి కదా.

అంగారకుడి జట్టు దగ్గర అట్టమీద 8×8 గళ్లు, కొన్ని గులకరాళ్లు, రోవర్‌గా అగ్గిపెట్టె. భూమి జట్టు దగ్గర అదే పటం, కాకపోతే రెండు రాళ్లు అందులో ఉండవు. ఒక్కో చీటీలో ఆరు ఆదేశాలకు మించకూడదు: ముందుకు, ఎడమకు, కుడికి, ఆగు, చూసి చెప్పు, ఇలా. ఒక చీటీ వెళ్లి జవాబు వచ్చాక రెండు గ్రహాలూ రెండేసి గుర్తులు జరగాలి. దగ్గరగా ఉన్నచోట మొదలుపెడితే ఆరోసారి జరిగాక బకెట్ సరిగ్గా అడ్డం వస్తుంది. అప్పుడు చీటీలు బంద్. నిజంగానూ ఆ సమయంలో సుమారు రెండు వారాలు అంగారక నౌకలకు ఆదేశాలు పంపడం ఆపుతారు. ఇదంతా 40 నిమిషాల పీరియడ్‌లో సరిపోతుంది.

తేడా వచ్చేది ఎక్కువగా ఎడమ కుడుల దగ్గర. రోవర్ ఎడమా, పటం చూసేవాళ్ల ఎడమా ఒకటి కావు. అగ్గిపెట్టెకు ముందువైపు రంగు పూయండి. చీటీ మీద బాణం గుర్తులు వేయనివ్వకండి, గందరగోళం రెట్టింపవుతుంది. ఇంకోటి, అంగారకుడి జట్టు జాలిపడి రాయిని తప్పించేస్తుంది. అది కుదరదు, రాసినట్టే చేయాలి. చీటీకి ఒక్క ఆదేశం చొప్పున పంపిన జట్టు రోవర్ మధ్యలోనే మిగిలిపోతుంది. ‘రాయి తగిలితే ఆగి కుడికి తిరుగు’ అని రాయొచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చేదాకా టీచరు నోరు విప్పకూడదు. శ్రీహరికోట నుంచి వెళ్లిన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న అంగారక కక్ష్యలోకి చేరింది అలాంటి ముందస్తు ఆదేశాలతోనే. ఇంజిన్ సుమారు 24 నిమిషాలు మండింది, కబురు రావడానికి 12 నిమిషాలు పైనే పట్టింది. మధ్యలో చెప్పి దిద్దే వీలే లేదు.

రెండో రోజు అంగారకుడి నుంచి భూమికి ఫొటో పంపించే ఆట పెట్టండి. 8×8 గళ్లలో నలుపుకు 1, తెలుపుకు 0. ప్రతి వరుస చివరా, ప్రతి నిలువు కిందా ఒక గడి అదనంగా చేర్చి, 1ల సంఖ్య సరిసంఖ్య అయ్యేలా నింపాలి. మూలగడికీ అదే లెక్క. దారిలో ‘రొద’ (సంకేతాన్ని చెడగొట్టే అలజడి) పాత్ర వేసే పిల్లవాడు ఒక గడిని మార్చేస్తాడు. సరి కుదరని వరుసా, నిలువూ కలిసేచోటే తప్పు. ఒకే వరుసలో రెండు గళ్లు మారిస్తే తప్పుందని తెలుస్తుంది గానీ, ఏ వరుసో తెలియదు. అప్పుడు మళ్లీ పంపమని అడగాలి, మళ్లీ డప్పు, మళ్లీ నడక. 1965లో అంగారకుడి పక్కనుంచి వెళ్లిన అమెరికా నౌక మారినర్ 4 ఒక్కో ఫొటోను ఇలాగే అంకెలుగా, సెకనుకు 8.33 బిట్ల (బిట్ అంటే ఒక 0 లేదా 1) చొప్పున పంపింది. ఒక్కోదానికి దాదాపు 8 గంటలు పట్టింది. ఆగలేక ఇంజినీర్లు అంకెల కాగితాలు అతికించి చేత్తో రంగులు దిద్దారు.

మీ పిల్లల పేజీలో ఈ 9×9 గళ్ల పటాన్ని ఖాళీగా అచ్చు వేస్తే జిరాక్సు తీసుకుని వాడుకుంటారు. గడి సెంటీమీటరుకు తగ్గకుండా చూడండి, అయిదో తరగతి పిల్లల అంకెలు అంతకన్నా చిన్న గడిలో పట్టవు.

— బడి పిల్లలకు సైన్సు ఆటలు తయారుచేసే ఉపాధ్యాయ మిత్రులు