మిరప పుట్టింట్లో భోజనం

హ్యూస్టన్

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ నేను, ఆయన, పిల్లలు క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందని తమ్ముడు చెప్పాడు, మనసు కుదుటపడింది. ఫోనులో ఆరోగ్యాలు, మిర్చి ధరలు అడిగేసరికే మీకు నిద్రవేళ అవుతుంది. అందుకే ఈ సంగతి తీరిగ్గా రాస్తున్నాను. మొన్న శనివారం మధ్యాహ్నం మా ఇంటి దగ్గరున్న చిన్న మెక్సికన్ హోటల్లో భోజనం చేశాం. తింటున్నంతసేపూ మీరే గుర్తొచ్చారు.

టెక్సాస్‌లో మెక్సికన్ భోజనం వింతేమీ కాదు. 1836 వరకు ఈ నేల మెక్సికోదే. వీధికొక హోటలు ఉంటుంది. చాలాచోట్ల మైదా రొట్టెలు, వాటి మీద కరిగించి పోసిన చీజ్. ఇది మాత్రం మెక్సికోలోని ప్యూబ్లా నుంచి వచ్చిన కుటుంబం నడిపే హోటలు. వంటగది గుమ్మం పక్కనే మూతి విప్పిన సంచుల్లో ఎండుమిరపకాయలు. సీజన్లో మీరు మిర్చి యార్డు నుంచి ఇంటికొస్తే చొక్కాకు ఉండే ఘాటు అక్కడ లోపల అడుగుపెట్టగానే తగిలింది.

నేను కదలకుండా నిలబడి చూస్తుంటే హోటలు పెద్దావిడ నవ్వి, ఒక్కో రకం తీసి నా చేతిలో పెట్టింది. మీరు చూసినట్టే తొడిమ చూశాను, కాయ విరిచి చూశాను. గ్వాహీయో అనేది పొడుగ్గా, నున్నగా మెరుస్తుంది. రంగులో మన బ్యాడిగి మిరపకు తీసిపోదు, కారం తక్కువ. ఆంచో వెడల్పుగా, ముడతలు పడి దాదాపు నల్లగా ఉంటుంది. మన యార్డులో ఆ నలుపు చూస్తే కొనేవాడు ఆగకుండా ముందుకు వెళ్లిపోతాడు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం ఎండుద్రాక్ష వాసన! మూడోది ఆర్బోల్. సన్నగా, ఎర్రగా, మంచి కారంగా ఉంటుంది. మన తేజ రకం మిర్చి పక్కన పోస్తే మీరైనా తేరిపార చూడాల్సిందే. రంగుకు ఒక కాయ, వాసనకు ఒకటి, కారానికి ఇంకొకటి కలిపి వండుతారు. మన వంటింట్లో అన్నిటికీ ఒకటే కారం డబ్బా.

ఆ కాయలను నూనె లేకుండా పెనం మీద వేయించి, వేడినీళ్లలో నానబెట్టి, కాల్చిన టమాటా, వెల్లుల్లి, ఉప్పు వేసి మూడు కాళ్ల రాతిరోట్లో నూరుతారు. తాలింపు ఒక్కటే లేదు. అది పెడితే నాయనమ్మ చేసిన రోటి పచ్చడే. దాన్ని కోడికూరతో, మొక్కజొన్న రొట్టెలో చుట్టుకుని తిన్నాం. ఆ రొట్టె వెనుక పెద్ద పనే ఉంది. గింజలను సున్నపు నీటిలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, కడిగి రుబ్బుతారు. పొట్టు ఊడిపోతుంది, పిండి సాగుతుంది, గింజలోని నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది. ఈ పద్ధతి తెలియక మొక్కజొన్న మీదే బతికిన దేశాల్లో ఆ విటమిన్ లోపంతో వచ్చే పెలాగ్రా జబ్బుతో ఎంతోమంది చనిపోయారు.

నాన్నగారూ, మిరపను అడవిమొక్క స్థితి నుంచి పంటగా మార్చింది మెక్సికో రైతులే. అది సుమారు 6,000 ఏళ్ల కిందటి మాట. మనకు 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. అంతకుముందు మన కారం ఎక్కువగా మిరియాలదే. తాతయ్య, మీరు వానకు, తెగులుకు భయపడుతూ కాపాడుకున్న పంట, నన్నూ తమ్ముణ్ణీ చదివించిన పంట, ఆ నేల మీద మొదలైంది. ఏటా మంచి కాయ ఏరి విత్తనం దాచిన ఆ రైతుల పేర్లు ఎవరికీ తెలియవు. కల్లంలో విత్తనానికని మీరు కాయలు వేరుగా పోయడం చిన్నప్పుడు చూశాను. అదీ వాళ్ల పనే అని ఇప్పుడు అనిపిస్తోంది. ఆ పెద్దావిడకు చేతులెత్తి నమస్కరించాలనిపించింది.

ఆవిడకు ఫోనులో మన మిర్చి యార్డు ఫోటోలు చూపించాను. మిర్చి బస్తాల టిక్కీల వరుసలు చూసి నమ్మలేక, వంటగదిలోంచి కొడుకును పిలిచి మరీ చూపించింది. ఇంత మిరప ఎవరు తింటారని అడిగింది. మేమే కొంత, మిగతాది ప్రపంచమంతా అన్నాను.

అమ్మకు ఒక ముచ్చట చెప్పండి. ఇక్కడ గోంగూర పానీయం తాగుతారు! ఎర్ర గోంగూర పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి రేకులను ఎండబెట్టి, మరిగించి, పంచదార కలిపి చల్లగా ఇస్తారు. పుల్లగా, ఎంతో బాగుంది. పిల్లలు రెండోసారి అడిగి తాగారు.

వేసవిలో మీరిద్దరూ వచ్చినప్పుడు తప్పకుండా తీసుకెళ్తాను. ఈలోగా ఒక సాయం చేయాలి. హ్యూస్టన్ గాలిలో తేమ ఎక్కువ, సంచుల్లో కాయలు బూజు పడుతున్నాయని ఆవిడ బాధపడింది. మన కోల్డ్ స్టోరేజీల గురించి చెప్పాను కానీ, కాయ ఎంత ఎండితే సంచికి ఎత్తుతారో, చేత్తో ఎలా పోల్చుకుంటారో మీరు చెబితేనే సరిగా ఉంటుంది. వివరంగా రాయండి, ఆవిడకు చదివి వినిపిస్తాను.

ఇట్లు
మీ అమ్మాయి