రియాక్టరు విప్పదీసే నివేదిక మీద ఏం రాయాలంటే

ఒరేయ్ శీనూ,

మూతపడిన అణు రియాక్టరును విప్పదీసే పని మీద వచ్చిన పర్యావరణ నివేదికకు అభిప్రాయం పంపుతానన్నావు. తప్పకుండా పంపరా. అయితే ఆ వందల పేజీలు మొదటి నుంచీ చదువుతూ కూర్చోకు. ముందు ‘ప్రత్యామ్నాయాలు’ అధ్యాయం తియ్యి. వెంటనే విప్పేస్తారా, కొన్ని దశాబ్దాలు మూసిపెట్టి అప్పుడు విప్పుతారా అన్నది అక్కడే తేలుతుంది.

ఆగితే లాభం ఉంది. రియాక్టరు ఉక్కులో ఉండే రేడియోధార్మిక కోబాల్ట్-60 అర్ధాయువు (అంటే సగానికి తగ్గడానికి పట్టే కాలం) 5.27 ఏళ్ళు కాబట్టి, 50 ఏళ్ళు ఆగితే సుమారు 700వ వంతుకు పడిపోతుంది. ఉక్కు కోసే పనివాళ్ళకు అది చాలా మేలు. కానీ ఇంకో రేడియోధార్మిక పదార్థం సీజియం-137 అర్ధాయువు 30 ఏళ్ళు. అదే 50 ఏళ్ళకు దాదాపు మూడో వంతు అలాగే ఉంటుంది. ఈలోగా ప్లాంటు ఆనుపానులు తెలిసినవాళ్ళు రిటైరైపోతారు, పైపులు తుప్పుపడతాయి, కాంక్రీటులోకి చెమ్మ దిగుతుంది. నివేదికలో లాభమే రాసి నష్టం వదిలేస్తే, నీ మొదటి ప్రశ్న అదే.

నన్నడిగితే అసలు చూడాల్సింది నేల కింద. వాడేసిన ఇంధనం తీసేస్తే రేడియోధార్మికతలో 99 శాతం పైగా పోయినట్టే, నిజమే. కానీ ఇంధనం నిల్వచేసిన కొలను అతుకుల నుంచో, పాతిపెట్టిన డ్రెయిన్ పైపుల నుంచో ఎప్పుడో కారిన నీళ్ళు మట్టిలో ఉండొచ్చు. సీజియం బంకమట్టిని పట్టుకుని ఉండిపోతుంది, ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) మాత్రం నీళ్ళతోపాటే పోతుంది. అందుకే పరిశీలన బావుల మ్యాపు తీసి, భూగర్భ జలం ఎటు పారుతోందో చూడు. బావులన్నీ ఎగువనే ఉంటే ‘ఏమీ కనబడలేదు’ అన్న వాక్యానికి విలువ లేదు.

వ్యర్థాల పట్టికలో ఎక్కువ భాగం శుభ్రమైన కాంక్రీటే ఉంటుంది. మామూలు శిథిలాలుగా వదిలేయడానికి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పెట్టిన హద్దు సీజియం-137కైనా, కోబాల్ట్-60కైనా గ్రాముకు 0.1 బెకరెల్ (రేడియోధార్మికతకు కొలమానం). దాన్ని ఎలా కొలుస్తారో అడుగు. గోడకు పెయింటు వేసి ఉంటే కింద ఉన్న ఆల్ఫా కాలుష్యం పైన పెట్టిన మీటరుకు అందదు. పెయింటు గీకో, కాంక్రీటు ముక్క తీసో పరీక్షించాలి. హద్దు దాటినదాన్ని కావాలని శుభ్రమైన దానితో కలిపి పల్చన చేయకూడదు, అది కూడా రాయించు. లారీల రాకపోకలు, దుమ్ము, మోత గురించి ఎలాగూ అందరూ రాస్తారు, నువ్వు రెండు ముక్కల్లో తేల్చెయ్.

రాసేటప్పుడు పేజీ నంబరు, పట్టిక నంబరు వేసి, పేరాకో ప్రశ్న పెట్టు. ‘మాకు భయంగా ఉంది’ అంటే ‘గమనించాం’ అని ఊరుకుంటారు. ‘కొలనుకు దిగువన బావి లేదు, రెండు వేసి, మూడు నెలలకోసారి ట్రిటియం, స్ట్రాన్షియం-90 కొలిచి, ఫలితాలు బయటపెట్టాలని అనుమతిలో షరతుగా చేర్చండి’ అంటే అవుననో కాదనో కారణం చూపాల్సి వస్తుంది. ఒకే నమూనా ఉత్తరం మీద నలుగురూ సంతకాలు పెట్టి పంపొద్దు, అన్నీ కలిపి ఒకే అభిప్రాయంగా కట్టేస్తారు. అందినట్టు రసీదు మాత్రం తీసుకో.

డ్రాఫ్టు గడువుకు వారం ముందే నాకు పంపు. బావుల మ్యాపు జత చెయ్యడం మర్చిపోకు.

నీ
రమణ