కాలనీ సంక్షేమ సంఘం, న్యూ బోయిన్‌పల్లి: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

రోజువారీ పనుల సంగతి ముందుగా చెప్పేస్తాను. వానలు మొదలవకముందే నాలా పూడిక తీయించాం. వెలగని వీధి దీపాలు మార్పించాం. ఎండాకాలం ట్యాంకర్ల వంతులు పెద్ద గొడవ లేకుండానే గడిచాయి. బోనాలు, వినాయక చవితి, బతుకమ్మ ఎప్పటిలాగే అందరం కలిసి చేసుకున్నాం. పార్కింగ్ సమస్య మాత్రం ఎక్కడిదక్కడే ఉంది, దాని గురించి సర్వసభ్య సమావేశంలో మాట్లాడుకుందాం. జమాఖర్చులు కోశాధికారి గారు చదివి వినిపిస్తారు.

ఈసారి కాస్త వివరంగా రాయవలసింది మార్చి 2, ఆదివారం నాడు కమ్యూనిటీ హాల్లో జరుపుకున్న సంస్మరణ సభ గురించి.

2010 మార్చి 3న బేగంపేట విమానాశ్రయంలో ఇండియా ఏవియేషన్ ప్రదర్శన మొదలైంది. నౌకాదళానికి చెందిన సాగర్ పవన్ బృందం కిరణ్ జెట్లతో విన్యాసాలు చేస్తుండగా ఒక విమానం మన న్యూ బోయిన్‌పల్లిలో ఒక భవనం మీద కూలిపోయింది. అందులో ఉన్న కమాండర్ ఎస్.కె. మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ ఇద్దరూ చనిపోయారు. కింద ఉన్నవాళ్లు కొందరు గాయపడ్డారు. ఈ మార్చితో పదిహేనేళ్లు నిండాయి.

ఆ రోజున్న పాత సభ్యులకు చప్పుడు, పరుగులు, ఫోన్ కలవక పడ్డ టెన్షన్ అన్నీ గుర్తున్నాయి. ఆ ఇద్దరి పేర్లు చెప్పమంటే మాత్రం హాల్లో ఒకరిద్దరు తప్ప ఎవరూ చెప్పలేకపోయారు. సభ పెట్టింది అందుకే. మన ఇళ్ల మధ్య ప్రాణాలు వదిలినవాళ్ల పేర్లు మన పిల్లలకు తెలిసి ఉండాలి.

సాగర్ పవన్ 2003లో ఏర్పడింది. గోవాలోని నౌకాదళ విమాన కేంద్రం ఐఎన్ఎస్ హంస దాని స్థావరంగా ఉండేది. కిరణ్‌ని తయారుచేసింది ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్, మొదటిసారి ఎగిరింది 1964లో. అందులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు. మౌర్య గారు బృందానికి నాయకుడు. నాయకుడంటే ఏమిటో ఎయిర్‌ఫోర్స్‌లో టెక్నీషియన్‌గా చేసి రిటైరైన మన సభ్యుడొకరు పిల్లలకు అర్థమయ్యేలా చెప్పారు. నలుగురు పిల్లల్ని నిలబెట్టి, ముందున్న పిల్లాడి భుజం మీంచి చూపు తిప్పకుండా హాలంతా నడవమన్నారు. వెనకవాళ్లకు గోడ ఎప్పుడొచ్చిందో తెలియలేదు. "అదీ సంగతి. వెనకవాళ్లు నేలను చూడరు, ముందున్న విమానాన్నే చూస్తారు. ఎత్తు, వేగం, మలుపు అందరి కోసం చూసుకోవలసింది ముందున్నవాడే" అన్నారు.

తర్వాత ఆయన సీటు పిన్నుల గురించి చెప్పారు. ఆపదలో పైలట్‌ని బయటికి విసిరే సీటు నేలమీద ఉండగా పొరపాటున పేలకుండా దానికి ఎర్ర రిబ్బన్లు కట్టిన పిన్నులు పెడతారు. ఎగిరే ముందు వాటిని తీసి, లెక్క సరిచూసి, పైలట్‌కి కనపడేలా పైకెత్తి పట్టుకోవాలి. "ఆయన బొటనవేలు చూపిస్తే మేం పక్కకు తప్పుకుంటాం. విమానం దిగేదాకా ఆ పిన్నుల బాధ్యత మాదే" అంటున్నప్పుడు ఆయన గొంతు పూడుకుపోయింది. పిల్లలు లేచి వెళ్లి మంచినీళ్లు ఇచ్చారు.

ఇళ్ల మీద ఇలాంటి విన్యాసాలు అసలెందుకని ఒక సభ్యురాలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. వింగ్స్ ఇండియా పేరుతో ఆ ప్రదర్శన 2024 జనవరిలో కూడా బేగంపేటలోనే జరిగింది. చుట్టుపక్కల జనం భద్రత గురించి అడిగే హక్కు మనకుంది, అడగాలి కూడా. కానీ ఆ ఇద్దరూ తమకు అప్పగించిన డ్యూటీ చేస్తూ పోయారు. యుద్ధంలో పోలేదు కదా అని వాళ్ల మరణాన్ని తక్కువ చేసి చూడటం నాకు నచ్చదు.

ఈ నగరానికి దుండిగల్, హకీంపేట వాయుసేన స్థావరాలు ఆనుకునే ఉన్నాయి. దుండిగల్ అకాడమీ పరేడ్‌లో వాయుసేన వాళ్లతో పాటు నేవీ, కోస్ట్ గార్డ్ అధికారులకు కూడా వింగ్స్, అంటే పైలట్ బ్యాడ్జి, ఇస్తారు. అక్కడి నుంచి శిక్షణకు ఎగిరిన పిలాటస్ విమానం 2023 డిసెంబర్ 4న మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర కూలి, శిక్షకుడు, క్యాడెట్ ఇద్దరూ చనిపోయారు. సభలో వాళ్లకు కూడా నివాళి అర్పించాం.

కార్యవర్గం తరఫున ఒక తీర్మానం పెడుతున్నాం. మౌర్య, నాయర్ గార్ల పేర్లు, హోదాలు, తేదీతో కమ్యూనిటీ హాల్లో తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో ఒక రాతిపలక పెట్టించాలి. ఏటా మార్చి 3 సాయంత్రం అక్కడ పూలమాల వేయాలి. మెయింటెనెన్స్ డబ్బులు దీనికి వాడం. ఇష్టమున్నవాళ్లు కోశాధికారి గారికి ఇచ్చి రసీదు తీసుకోండి. సర్వసభ్య సమావేశంలో ఓటింగ్ ఉంటుంది, ఇంటికొకరైనా తప్పక రావాలి.

ప్రధాన కార్యదర్శి