ముఖం కనపడని నాటకం

సంపాదకులు గారికి,

మొన్న తిరుపతిలో ఒక హాల్లో పద్యనాటకం చూశాం. కాటి సీనులో పద్యం అందుకున్న నటుడి ముఖమే కనపడలేదు, సరిగ్గా నడినెత్తిన పార్ క్యాన్‌లు, అదే డబ్బాల్లాంటి స్టేజీ లైట్లు, వెలుగుతుంటే కళ్లు రెండూ గుంటల్లా, ముక్కు నీడ పెదాల మీద. ముందువైపు నుంచి, ఇంచుమించు 45 డిగ్రీల ఎత్తులో, కుడి ఎడమల రెండు స్పాట్‌లైట్లు పెట్టుంటే సరిపోయేది. వెలుగు మెల్లగా పెంచి తగ్గించే డిమ్మర్ ఉంది, వాడేవాళ్లే లేరు. లైట్లన్నీ ఇంట్లో స్విచ్చు వేసినట్టు టక్కున వెలిగి టక్కున ఆరాయి. చంద్రమతి ఏడుస్తుంటే లైటుకి ఎర్ర జెల్, అదే రంగు షీటు, ఎందుకో! లైటు ముందు బిగించే రెక్కలు, అదే బార్న్‌డోర్లు, కాస్త మూస్తే వెలుగు వెనక తెర మీదికి పోకుండా ఆగుతుంది, అదీ చెయ్యలేదు. అద్దె ముక్కుపిండి వసూలు చేసేవాళ్లు లైట్లు తెలిసిన మనిషినొకర్ని పెట్టండి సార్.

– ఒక నాటకాభిమాని, తిరుపతి