సాయంత్రం పూట ఆ గది తెరవండి

సంపాదకులకు,

మా పేటలోని శాఖా గ్రంథాలయాన్ని ఏడాదిగా సాయంత్రం పూట తెరవడం లేదు. సిబ్బంది లేరట. పుస్తకాలు అందడం లేదన్నది నా ఫిర్యాదు కాదు. నిజానికి అక్కడికి వచ్చే మాలో పుస్తకం తెరిచేవారు తక్కువే. ఒకే దినపత్రిక నాలుగు ముక్కలై నలుగురి చేతుల్లో ఉండేది. జిల్లా పేజీ పట్టుకున్నాయన ఎప్పుడు వదులుతాడా అని మిగతావాళ్లం కాచుకుని ఉండేవాళ్లం. ఆలోగా బీపీ మాత్రల సంగతులు, అమెరికా మనవల కబుర్లు. ఎవరైనా రెండు రోజులు రాకపోతే మూడో రోజు ఇద్దరం వెళ్లి తలుపు తట్టేవాళ్లం. అలా వెళ్లినప్పుడే, స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగిన ఒక పెద్దాయనను ఆస్పత్రికి చేర్చాం. నాన్న ఫోను ఎత్తడం లేదని డాలస్‌లో ఆయన కొడుకు అప్పటికే కంగారు పడుతున్నాడు.

ప్రపంచంలో ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం వేధిస్తోందనీ, గుండెజబ్బు, పక్షవాతం ముప్పు దానితో పెరుగుతుందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన కమిషన్ 2025లో చెప్పింది. దీనికోసం బెజవాడలో కొత్త పథకమేమీ పెట్టనక్కరలేదు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన ఊరు ఇది. ఆస్తిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం.

ఇంతవరకు రాసింది నా భార్య చదివి, “మీకు ఆ బల్లలైనా ఉండేవి, మాకేం ఉన్నాయి?” అంది. న్యాయమే. ఆ గదిలో ఆడవాళ్లు కూర్చోగా నేను చూడలేదు, మేము రమ్మన్నదీ లేదు. వాళ్లకు వీధి అరుగులు ఉండేవి. అపార్ట్‌మెంట్లు లేచాక అరుగులు పోయి అక్కడ కార్లు నిలిచాయి.

అందుకని అడుగుతున్నాను: సాయంత్రం 5 నుంచి 8 వరకు గది తెరవండి. ఆడవాళ్లు కూడా వచ్చి కూర్చునేలా కుర్చీలు, శుభ్రమైన మరుగుదొడ్డి ఏర్పాటు చేయండి. ఉద్యోగిని వేయడం కష్టమైతే తాళంచెవి మాకివ్వండి. వంతులవారీగా తెరిచి, ఊడ్చి, తాళం వేస్తామని 11 మందిమి సంతకాలు చేసి అర్జీ పెట్టాం. రెండు నెలలైంది. రసీదు నా దగ్గర భద్రంగా ఉంది.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయవాడ