శాఖా గ్రంథాలయాలలో నగర జీవిత గ్రంథాల కొరకు విద్యాశాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు నమస్కారములు.

నేను కోనసీమలో తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. పౌర గ్రంథాలయాలు మీ శాఖ కిందనే ఉన్నందున ఈ విన్నపం మీకు రాసుకుంటున్నాను.

కనుమ వెళ్లాక ఏ సాయంత్రమైనా రావులపాలెం సెంటరులో నిలబడి చూస్తే, బియ్యం సంచులు, గుడ్డ వాసెన కట్టిన ఆవకాయ జాడీలు, పూతరేకుల పెట్టెలు కాళ్ల దగ్గర పెట్టుకుని హైదరాబాదు బస్సు కోసం ఎదురుచూసే పిల్లలే కనబడతారు. మా వీధిలో ఏ గడప తొక్కినా కూకట్‌పల్లిలోనో అమీర్‌పేటలోనో ఉంటున్న బిడ్డ ఒకరుంటారు. అయితే ఆ నగరంలో బతుకు ఎలా ఉంటుందో ముందుగా చదివి తెలుసుకునే వీలు మా ఊళ్లలో లేదు.

గత నెల మా శాఖా గ్రంథాలయంలో డిగ్రీ పూర్తిచేసిన ఒక అమ్మాయి, "సిటీలో హాస్టల్లో ఉండడం గురించి కథలేమైనా ఉన్నాయాండీ?" అని అడిగింది. బీరువాల నిండా గ్రూప్స్ గైడ్లు, డీఎస్సీ మెటీరియలు, విజయానికి మెట్లు చెప్పే పుస్తకాలు. చివరికి వెనుక వరుసలోంచి అట్ట ఊడిన 'కోతి కొమ్మచ్చి' బయటపడింది. తేదీల చీటీ నిండిపోయి, దానిమీద ఇంకొకటి అతికించి ఉంది. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణగారు మద్రాసులో తాము పడిన ఇబ్బందులను నవ్విస్తూ చెప్పుకున్న స్వీయచరిత్ర అది. మా వాళ్లు దాన్ని అంతగా అరగదీశారంటే ఆశ్చర్యమేముంది?

పట్నం వెళ్తే పాడైపోతారని బెదిరించే నవలలు, పట్నం వెళ్లి కోట్లు గడించినవారి జీవితగాథలు నేను అడగడం లేదు. (రెండో రకం ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి.) ఆఫీసులో గొంతు పెగలని గుమాస్తా భయం ఎలా ఉంటుందో రావిశాస్త్రిగారి 'అల్పజీవి'లోని సుబ్బయ్యను చూస్తే తెలుస్తుంది; విశాఖపట్నం కథే అయినా ఏ ఊరి ఆఫీసుకైనా సరిపోతుంది. హైటెక్ సిటీతోనే హైదరాబాదు పుట్టిందనుకునే మా పిల్లలు పరవస్తు లోకేశ్వర్‌గారి 'సలాం హైదరాబాద్' చదివితే, తాము అద్దెకు దిగబోయే ఊరికి తమకన్నా ముందునుంచీ మనుషులు, చరిత్ర, కష్టాలు ఉన్నాయని గ్రహిస్తారు. కల్పన లేని రచనలు ఇంకా అవసరం. కేథరిన్ బూ అనే అమెరికన్ పాత్రికేయురాలు ముంబై విమానాశ్రయం పక్కనున్న అన్నవాడి అనే మురికివాడలో మూడేళ్లకు పైగా తిరిగి, చెత్త ఏరి అమ్ముకునేవారి లెక్కలతో సహా రాసి 2012లో ప్రచురించిన పుస్తకం వంటివి తెలుగులో ఉంటే కొనాలి, లేకపోతే ప్రభుత్వమే అనువదింపజేయాలి.

డబ్బు మాట వస్తుందని తెలుసు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మా ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. ఏటా కొనే పుస్తకాల్లో ప్రతి శాఖకు కనీసం ఇరవై నగర జీవితానికి సంబంధించినవి ఉండేలా, వాటి ఎంపికలో స్థానిక గ్రంథపాలకుల మాట చెల్లేలా ఉత్తర్వులివ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను. అవి తాళం వేసిన బీరువాలో కాక, పిల్లల చేతికందే అరలో ఉంచమని కూడా దయచేసి అందులోనే రాయించండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
కోనసీమ.