ఎల్‌ఈడీ బల్బు పెట్టె మీది 25,000 గంటలు ఎవరివి?

సంపాదకులకు నమస్కారం.

నిత్యజీవితాన్ని మార్చిన ఆవిష్కరణల గురించి ఎవరు రాసినా ఎల్‌ఈడీ బల్బును వదలరు. వదలకూడదు కూడా. అకసాకి, అమానో, నకమురా నీలి ఎల్‌ఈడీని సాధించాకే తెల్లటి వెలుతురు సాధ్యమైంది. 2014లో భౌతికశాస్త్ర నోబెల్ ఆ ముగ్గురికీ అందుకే వచ్చింది. పాత 60 వాట్ల బల్బు ఇచ్చిన 800 ల్యూమెన్ల వెలుతురు ఇప్పుడు 8, 9 వాట్లకే వస్తోంది. చిక్కల్లా పెట్టె మీది '25,000 గంటలు' అన్న మాటను వ్యాసాలు యథాతథంగా ఎత్తి రాయడంతోనే. రోజుకు 5 గంటలు వెలిగించినా అది 13 ఏళ్ల పైమాట. రెండేళ్లకే బల్బు మార్చుకున్నవాళ్లకు ఆ వాక్యం చదివితే నవ్వొస్తుంది.

ఆ అంకె సాధారణంగా లోపల వెలుతురిచ్చే చిన్న చిన్న ఎల్‌ఈడీ చిప్పులది. వాటి వెలుతురు మొదటి రోజుతో పోలిస్తే 70 శాతానికి తగ్గడానికి పట్టే కాలం అది. చిప్పుల వెనక డ్రైవర్ అనే చిన్న సర్క్యూట్ ఉంటుంది, ఇంటి కరెంటును చిప్పులకు సరిపడేలా మార్చేది అదే. అందులో పెన్సిల్ ముక్కంత ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఒకటి ఉంటుంది. వేడికి దాని లోపలి ద్రవం ఆరిపోతుంది. స్థూలంగా వేడి 10 డిగ్రీలు తగ్గితే దాని ఆయుష్షు రెట్టింపవుతుంది: 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు వచ్చేది 85 దగ్గర 8,000, 65 దగ్గర 32,000 గంటలు వస్తుంది. అందుకే ఒకే రకం బల్బు గాలాడే హోల్డరులో ఏళ్ల తరబడి వెలిగి, మూసిన గాజు గోళంలో తొందరగా చస్తుంది. నాసిరకం బల్బంటూ తిట్టే ముందు దాన్ని ఎక్కడ బిగించామో చూసుకోవాలి.

బల్బు మినుకుమినుకుమంటే ముందు అనుమానించాల్సింది కెపాసిటర్‌నే. ఒక్కసారిగా ఆరిపోతే పైమూత తీసి చూడండి, పసుపు చిప్పుల్లో ఒకదాని నడుమ ఆవగింజంత నల్లమచ్చ కనిపించవచ్చు. చిప్పులు సీరీస్‌లో ఉంటాయి గనక ఒకటి తెగితే వరుసంతా ఆరిపోతుంది. స్విచ్చి ఆపినా మసకగా వెలుగుతుంటే బల్బుది తప్పు కాకపోవచ్చు. స్విచ్చిలో ఇండికేటర్ ఉందేమో, లేదా వైరింగులో ఫేజ్‌కు బదులు న్యూట్రల్‌ను స్విచ్చికి ఇచ్చారేమో చూడాలి. రెండోదైతే స్విచ్చి ఆపినా హోల్డరులో కరెంటు ఉన్నట్టే. ఎలక్ట్రీషియన్‌ను వెంటనే పిలవండి.

నల్లమచ్చ చిప్పు మీద ఒక చుక్క సోల్డర్ వేసి రెండు కొసలూ కలిపేస్తే బల్బు మళ్లీ వెలుగుతుందని చూపే వీడియోలు బోలెడు. వెలుగుతుంది, నిజమే. చిప్పులు ఎక్కువుంటే కొన్నాళ్లు నడుస్తుంది కూడా. పది లోపే ఉంటే మిగిలిన వోల్టేజీ డ్రైవర్‌లో కరెంటును అదుపు చేసే ఐసీ మీద పడి అదీ కాలిపోవచ్చు. పైగా ఒక చిప్పును చంపిన వేడిలోనే మిగతావీ మగ్గాయి కదా! అంతకన్నా పెద్ద సంగతి, చవక డ్రైవర్లలో చాలావాటికి ఐసొలేషన్, అంటే చిప్పులను ఇంటి కరెంటు నుంచి వేరుచేసే అడ్డు, ఉండదు. చిప్పుల పలక మీద నేరుగా మెయిన్స్ కరెంటే ఉంటుంది. బల్బు ఊడదీశాక కూడా కెపాసిటర్‌లో కాసేపు నిలిచి ఉంటుంది. పైమూత లేకుండా బల్బును హోల్డరులో పెట్టడం ప్రాణాలతో చెలగాటం. వీడియోల్లో చాలామంది ఆ పనే చేస్తున్నారు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో 2009లో మార్టినె పోస్ట్మా మొదలుపెట్టిన రిపేర్ కేఫ్ లాంటిదే ఈ పనికి మేలైన చోటు. పని తెలిసినవాళ్లు పక్కనుండి మనచేతే బాగుచేయిస్తారు. కానీ పైమూతను జిగురుతో అతికేసిన బల్బును విరగ్గొట్టకుండా విప్పడం అక్కడా కష్టమే. బల్బు, దీపం కలిసిపోయిన ఫిట్టింగులు మరీ అన్యాయం, ఒక్క చిప్పు పోతే మొత్తం పారేయాలి. బల్బు విడిగా ఊడే ఫిట్టింగే కొనడం మంచిది.

ఎక్కువ కాలం మన్నేలా చేయడం రానిదేమీ కాదు. దుబాయ్ మునిసిపాలిటీ కోసం 2016లో ఫిలిప్స్ చేసిన బల్బుల్లో ఒకటి 3 వాట్లకే 600 ల్యూమెన్లు ఇస్తుంది. కిటుకల్లా చిప్పులు ఎక్కువ పెట్టి, ఒక్కోదానికి కరెంటు తక్కువ ఇవ్వడమే. అలా వేడీ తగ్గుతుంది. చిప్పుల ఖర్చు పెరుగుతుంది గనక మామూలు బల్బుల్లో ఆ పని చేయరు.

'మూసిన ఫిట్టింగుల్లో వాడరాదు' అన్న హెచ్చరిక చాలా పెట్టెల మీద ఉంటుంది, చీమ తలకాయంత అక్షరాల్లో. ఈసారి ఎల్‌ఈడీ మీద వ్యాసం వేసినప్పుడు 25,000 పక్కనే ఆ హెచ్చరికనూ అచ్చువేయగలరు.

ఇట్లు,
ఎలక్ట్రానిక్స్ రిపేరు పని చేసే పాఠకుడు